బోర్లించిన పాత్ర

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు విహారంలో పెద్ద భిక్షువైన చంద్రమిత్ర స్థవిరుడికి లేదు. ప్రశ్న విని, బాగుందన్నట్టు తల ఊపి, చేతిలో పని చేసుకుంటూ పోయేవాడు. అడిగినవాడు ఆ ప్రశ్నను మోసుకుని తిరగాల్సిందే. కొందరు పది రోజులకు అడిగిన సంగతే మరిచిపోయేవారు. అలాంటి ప్రశ్నలకు జవాబు అక్కర్లేదని ఆయన అభిప్రాయం.

రేవతుడు మరిచిపోయే రకం కాదు. కాషాయం కట్టకముందు ఇరవై ఏళ్లు కృష్ణ రేవులో సుంకం వసూలు చేసినవాడు. గోనెలో చెయ్యి పెట్టి రెండు గింజలు నలిపితే చాలు, అది ఏ నేలలో పండిందో, ఎవరి ఇంట్లో దంచిందో చెప్పేసేవాడు. ఆ నేర్పు చూసే కొండమీది విహారంలో భోజనశాల బాధ్యత అతనికి అప్పగించారు. అయితే ఆ వేసవిలో అతన్ని కుదురుగా కూర్చోనివ్వనిది బియ్యం సంగతి కాదు, లంక సంగతి.

నది నడుమ ఉన్న ఆ లంక ఇవతలి రాజుది కాదు. అవతల ఇద్దరు సామంతులు తాతల నాటి నుంచి నాదంటే నాదని తగువులాడుకుంటున్నారు. ఎవరిదో తేలని ఆ ఇసుకలో కొన్ని కుటుంబాలు తాటాకు పాకలు వేసుకుని, దోసపాదులు పెట్టుకుని బతుకుతున్నాయి. అవతలి ఒడ్డున సిరినాగుడనే పడవల వర్తకుడికి ఆ నేల మీద కన్నుపడింది. తగువు తీరేలోగా మనుషుల్ని వెళ్లగొడితే, ఎవరు గెలిచినా లంక తనకే దక్కుతుందని అతని ఎత్తు. మాఘమాసం మొదలు నెలకు రెండు మూడు పాకలు తగలబడుతున్నాయి. తగలబెట్టేవాళ్లను దాటించేవి సిరినాగుడి పడవలే. ఈ సిరినాగుడే పున్నమి పున్నమికీ కొండకు బండెడు సన్నబియ్యం పంపి, భిక్షువులకు తన చేత్తో వడ్డించి, కళ్ల నీళ్లు పెట్టుకుని మరీ మొక్కేవాడు.

"ఆచార్యా, ఆ నేల మనది కాదు. మనకు సైన్యం లేదు. అక్కడి దౌర్జన్యాన్ని ఇక్కడ కూర్చుని ఆపగలమా?" అని అడిగాడు రేవతుడు.

స్థవిరుడు అప్పుడే కడిగిన భిక్షాపాత్రను తుడుస్తున్నాడు. తుడిచి, దాన్ని రేవతుడి ముందు బోర్లించి పెట్టి లేచిపోయాడు.

రేవతుడికి అర్థమైంది. భిక్షువుల్లో పాత ఆచారం ఒకటుంది. పరులకు కీడు తలపెట్టిన గృహస్థు మీద సంఘమంతా కూడి పాత్ర బోర్లిస్తుంది. తిట్టరు, శపించరు. ఆ ఇంటి అన్నం ముట్టరు, అంతే. తప్పు మానుకున్నానని అతనే వచ్చి చెప్పుకుంటే పాత్రను మళ్లీ వెల్లకిలా తిప్పుతారు. రేవతుడికి ఇది చాలా మెత్తగా తోచింది. మరునాడు సంఘం కూడినప్పుడు, బోర్లిస్తే సిరినాగుడి ఊరంతటి మీదా బోర్లిద్దామనీ, అప్పుడు గాని వాళ్లకు తెలిసిరాదనీ అన్నాడు.

"నాగక్క ఇంటి మీద కూడానా?" అన్నాడు స్థవిరుడు.

నాగక్క అవతలి ఊళ్లో ఉండే ముసలావిడ. భిక్షకు వెళ్లినప్పుడల్లా గడప దిగి వచ్చి గరిటెడు జావ పోసేది. ఆమె ఒక్కగానొక్క కూతురు లంకలోనే కాపురం ఉంటోంది. రేవతుడు తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఒక్క సిరినాగుడి ఇంటి మీదే పాత్ర బోర్లించారు. ఆ కబురు రేవతుడే మోసుకెళ్లాడు.

సిరినాగుడు అంతా విని హాయిగా నవ్వాడు. "మానేది మీరు, కడుపు మాడేదీ మీకే. ఇందులో నాకు పోయేదేముంది స్వామీ?" అన్నాడు. నిజానికి తిరిగి కొండ ఎక్కుతున్నంతసేపూ రేవతుడూ అదే అనుకున్నాడు.

సిరినాగుడు చెప్పినట్టే అయింది. ఎండలు ముదిరాయి. ఊళ్లలోనే తిండికి కటకటగా ఉంది. భిక్షలో పడేది సగానికి సగం తగ్గింది. పున్నమికి సన్నబియ్యపు అన్నం లేదు, నెయ్యి లేదు. నలభై రోజులు కొండ మీద జావే గతి అయింది. ఆ నలభై రోజుల్లో లంకలో ఒక్క పాకా కాలలేదు. అయినా ఆ మంచిని పాత్ర ఖాతాలో వెయ్యడానికి రేవతుడికి మనసొప్పలేదు. ఎండకు జడిసి ఊరుకుని ఉంటారనుకున్నాడు. బుద్ధరక్షితుడనే ముసలి భిక్షువు జబ్బుపడి, జావ గొంతు దిగక, రెండు మెతుకులు మెత్తగా వండిపెట్టమని అడుగుతుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది.

అప్పుడు వచ్చింది రెండు గోనెల బియ్యంతో ఒక బండి. సిరినాగుడి చెల్లెలు పంపిందని చెప్పాడు బండివాడు. స్థవిరుడు భిక్షకు అవతలి ఒడ్డుకు వెళ్లి ఉన్నాడు. రేవతుడు గోనెలో చెయ్యి పెట్టాడు. గింజ వేళ్లకు తగలగానే తెలిసిపోయింది, ఇది సిరినాగుడి ఇంటి బియ్యం. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బోర్లించింది అన్న ఇంటి మీద, చెల్లెలి ఇల్లు వేరు కదా అనుకున్నాడు. బావమరిది సరుకు, తోడల్లుడి సరుకు అని చెప్పి సుంకం ఎగ్గొట్టబోయిన వాళ్లను ఎంతమందిని పట్టుకుని నవ్వాడో, ఆ మాటే ఇప్పుడు తనకు తాను చెప్పుకున్నాడు. బియ్యం దించుకుని, గోనెలు శుభ్రంగా మడిచి బండివాడికి తిరిగి ఇచ్చాడు. ఆ పూట ముసలి భిక్షువు కడుపునిండా తిని పడుకున్నాడు. అది చూసి రేవతుడికి నిజంగానే సంతోషం కలిగింది.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం లంక మీద పొగ లేచింది. అయిదు పాకలు పోయాయి.

మరునాడు పొద్దున నాగక్క కొండెక్కింది. ఎప్పుడూ ఎక్కనిది, మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, చంకలో జావ ముంతతో వచ్చింది. వచ్చి రేవతుడి ఎదుట నిలబడింది.

"అయ్యా, ఇన్నాళ్లూ ఒక్క పడవవాడూ సిరినాగుడి పడవెక్కలేదు. ఒకడు భుజం నొప్పన్నాడు, ఒకడు పడవకి చిల్లన్నాడు, ఒకడు పెళ్లానికి నెలలు నిండాయన్నాడు. కొండవాళ్లు కాదన్న ఇంటికి తెడ్డెయ్యాలంటే వాళ్లకి బెదురు. మొన్న ఆయన రేవులో నిలబడి ఖాళీ గోనెలు దులిపి చూపించాడంట. నా బియ్యం కొండమీద తిన్నారు, ఇంక మీకేం తప్పు అన్నాడంట. ఎక్కేశారు." కాసేపు ఊపిరి తీసుకుని, "దూడని లాగబోయి నా కూతురు రెండు చేతులూ కాల్చుకుంది. పోట్లాటకి రాలేదయ్యా. నిజంగానే తిన్నారా అని అడుగుదామని వచ్చాను" అంది.

అబద్ధం చెప్పడానికి వీలుగానే ఉంది. చెల్లెలి మాట నోటిదాకా వచ్చింది కూడా. "తిన్నామమ్మా. ఆయన బియ్యమని తెలిసే దించుకున్నాను" అన్నాడు రేవతుడు.

నాగక్క అతని పాత్ర వంక చూసింది. తన ముంత వంక చూసుకుంది. జావ పొయ్యకుండానే ముంత చంకన సర్దుకుని మెట్లు దిగిపోయింది. ఇరవై ఏళ్ల కొలువులో ఎందరి తిట్లో తిన్నాడు గాని, రేవతుడికి అంత సిగ్గు ఎన్నడూ కలగలేదు.

అతను భోజనశాలలోకి వెళ్లి, మిగిలిన బియ్యమంతా గింజ లేకుండా ఊడ్చి మూట కట్టాడు. భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి స్థవిరుడు నీడలో కూర్చుని చిరిగిన చీవరం కుట్టుకుంటున్నాడు. రేవతుడు ఆగాడు.

"అవతలి రేవుకు వెళ్తున్నాను ఆచార్యా. పడవవాళ్లందరూ చూసేచోట దీన్ని దించి, నేను చేసిన పని చెప్పి వస్తాను. కానీ ఒక్క బండి బియ్యానికే ఓడిపోయిన పాత్ర అది. దానికి అసలు ఎప్పుడైనా బలం ఉందంటారా?"

స్థవిరుడు సూదిలోకి దారం ఎక్కించుకుని, ముడి వేసి, అప్పుడు తలెత్తాడు.

"బలం లేని పాత్రను నింపడానికి ఎవరూ బండి కట్టరు, నాయనా."