కామేశం వంతు

వరసగా ఇది మూడో పాడ్యమి. ఈసారి కూడా కామేశం పటాన్ని పరవమని ఎవరూ తమంతట అడగలేదు.

తుంగభద్ర ఒడ్డున పేరయ్య సిద్ధాంతిగారింట్లో పంచాంగ గణితం నేర్చుకునే శిష్యులు నలుగురు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పంక్తిలో ఎవరైనా లేకపోతే, వాడి విస్తరి కూడా వేసి వడ్డించాకే మిగతావాళ్లు ముద్ద ఎత్తాలి.

పాడ్యమి నాడు పాఠం ఉండదు. భోజనాలయ్యాక వసారాలో చేరి ఏదో ఒక ఆట ఆడుకునేవాళ్లు. పొద్దస్తమానం గ్రహాలతో కుస్తీ పట్టేవాళ్లు కదా, ఆటలూ ఆకాశం మీదివే. రెండేళ్లుగా ఆడింది కామేశం పటమే. అది అలాంటిలాంటి పటం కాదు. తెల్లటి గుడ్డ మీద అశ్విని నుంచి రేవతి దాకా, నక్షత్రానికి నాలుగు పాదాల చొప్పున నూటఎనిమిది గళ్లు గీసి రంగులు వేశాడు. రెండు నెలలు పట్టింది. కామేశానికి ఆ పటమంటే ప్రాణం.

తర్వాత యజ్ఞన్న వచ్చాడు. వచ్చి పట్టుమని నాలుగు నెలలు కాలేదు. ఒక పాడ్యమి నాడు సుద్దముక్క తీసుకుని వసారా బండల మీద గీతలు గీసేశాడు. మధ్యలో భూమి. చుట్టూ చంద్రుడి నుంచి శని దాకా ఏడు వలయాలు, వాటిలో గళ్లు. అన్నిటికీ పైన ధ్రువుడు. గవ్వలు వేసుకుంటూ భూమి నుంచి ధ్రువుడి దగ్గరికి చేరాలి. ఇంతోటి దానికి అంత సంబరం! చీపురుతో ఊడిస్తే పోయే ఆట.

"ఇవాళ ఏది ఆడదాం?" అన్నాడు కామేశం, పటం చంకలో పెట్టుకుని.

బుచ్చిలింగం తల గోక్కున్నాడు. "ఏమీ అనుకోకురా కామేశం. నీ ఆటలో రాహువు నోట్లో పడితే మూడు వంతులు ఊరికే కూర్చోవాలి. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోంది. యజ్ఞన్నదే ఆడదాం."

"ఔనౌను," అన్నాడు నరహరి.

"పోనీ, ఇవాళ్టికి పటమే పరుద్దాం లెండి. నాకూ ఇష్టమే," అన్నాడు యజ్ఞన్న.

ఆ మాటతో కామేశం ఒళ్లు భగ్గుమంది. నా ఆటకి వీడి సిఫారసా!

"నాకు తలనొప్పిగా ఉంది. మీరే ఆడుకోండి," అని విసవిసా లోపలికి వెళ్లిపోయాడు.

పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు గానీ, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. వసారాలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. "వెయ్యి, వెయ్యి!" "అబ్బ, మళ్లీ ఆరే!" మొన్నటి దాకా ఆ నవ్వులన్నీ తన పటం చుట్టూ వినబడేవి. నిన్నగాక మొన్న వచ్చినవాడు తన స్నేహితులిద్దర్నీ తన కళ్లముందే ఎగరేసుకుపోయాడు. వీడు రాకపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేది! అనుకుంటే ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారేమోనని గబగబా తుడుచుకున్నాడు.

ఇంతలో పెరట్లోంచి గురుపత్ని పిలిచింది. "మజ్జిగ తాగి పోండర్రా!"

ముగ్గురూ లేచి వెళ్లారు. కామేశం పిల్లిలా వసారాలోకి వచ్చి చూశాడు. గీతల మీద గింజలున్నాయి. చింతగింజ, కుంకుడుగింజ, ఇంకేదో నల్లటిది ఎక్కడో బుధుడి దగ్గరా శుక్రుడి దగ్గరా దేకుతున్నాయి. ఎర్రటి గురివింద గింజ ఒక్కటీ అందర్నీ దాటిపోయి శనివలయంలో మెరుస్తోంది. ఇంకొక్క పందెం పడితే ధ్రువుడే.

యజ్ఞన్నది కాక ఇంకెవరిదై ఉంటుంది? మంచి గింజ ఏరుకున్నదీ వాడే, ముందుకి పోయిందీ వాడే. కామేశం చటుక్కున వంగి గురివిందని తీసి గుప్పిట్లో బిగించాడు. ఇప్పుడు గెలవరా చూద్దాం.

గుప్పిట బిగించుకునే గురువుగారి గదిలోకి వెళ్లాడు. పేరయ్య సిద్ధాంతిగారు రాబోయే ఏడాది పంచాంగానికి కాగితాల మీద గీతలు కొట్టుకుంటున్నారు.

"గురువుగారూ, మీరొక మాట చెప్పాలి. పాడ్యమి నాడు ఏ ఆట ఆడాలో తేల్చెయ్యండి."

"ఏమొచ్చింది నాయనా?"

"నా పటంలో ఇరవై ఏడు నక్షత్రాలూ పాదాలతో సహా శాస్త్రప్రకారం ఉన్నాయి. ఆ సుద్దగీతల్లో ఏముందండీ? మీరు ఒక్క మాటంటే అందరూ వింటారు."

గురువుగారు తన పక్కనున్న మజ్జిగ గ్లాసు అందించారు. "ముందు ఇది తాగు."

కామేశం ఎడమచేత్తో అందుకున్నాడు.

ఆ ఇంట్లో గురువు ఇచ్చింది ఎడమచేత్తో అందుకున్నవాడు ఇంతవరకూ లేడు. సిద్ధాంతిగారు ఆ చెయ్యీ చూశారు, వెనక్కి పెట్టుకున్న రెండో చెయ్యీ చూశారు. మజ్జిగ తాగడం అయ్యేదాకా ఆగి, లేచారు.

"పద, ఆ రెండో ఆట కూడా చూద్దాం."

వసారాలో ముగ్గురూ మోకాళ్ల మీద పాకుతూ బండల సందులన్నీ వెతుకుతున్నారు.

"ఏం పోయిందర్రా?"

"గింజ పోయిందండీ," అన్నాడు బుచ్చిలింగం. "గురివింద గింజ."

"ఎవరిది?"

"కామేశానిదండీ."

కామేశం గుప్పిటని ఇంకాస్త వెనక్కి దాచాడు.

"వాడికి తలనొప్పి కదండీ," అన్నాడు నరహరి. "లేనివాడికీ విస్తరి వేసే ఇల్లు కదా మనది, అందుకని వాడి వంతు కూడా వేస్తున్నాం. యజ్ఞన్న వేశాడు. ఏం చెయ్యో గానీ అన్నీ ఆరులే పడ్డాయి."

"లేచొచ్చి చూసుకుంటే సంతోషిస్తాడనుకున్నామండీ," అన్నాడు యజ్ఞన్న, ఇంకా గడప కింద వెతుకుతూనే. "నలుగురూ ధ్రువుడి దగ్గరికి చేరితే గానీ ఈ ఆట అవదు. వాడి గింజ లేకుండా ఎలాగ?"

ఆడేవాళ్లు ముగ్గురైతే గింజలు నాలుగెందుకున్నాయని, గ్రహణాలు గుణించగల కామేశానికి అప్పటిదాకా తోచనే లేదు.

సిద్ధాంతిగారు బండ మీద చతికిలబడి గవ్వలు చేతిలోకి తీసుకున్నారు. గలగలలాడించి వేశారు.

"నాలుగు. ఇది కామేశం వంతు."

"గింజ లేదు కదండీ," అన్నాడు బుచ్చిలింగం.

"లేకపోతేనేం, మనిషొచ్చాడుగా. కూర్చో కామేశం. నీ గడిలో వేలు పెట్టు."

కామేశం కూర్చున్నాడు. శనివలయం మీద ఎడమచేతి వేలు పెట్టాడు.

"కుడిచెయ్యి, నాయనా," అన్నారు గురువుగారు మెల్లగా.

కామేశం తల వంచుకుని గుప్పిట విప్పాడు. చెమటకి తడిసిన గురివింద గింజ అరచేతికి అంటుకుని ఉంది.

బుచ్చిలింగం ఏదో అనబోయాడు. నరహరి మోచేత్తో పొడిచాడు. యజ్ఞన్న గింజ వంకా చూశాడు, కామేశం ముఖం వంకా చూశాడు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.

"నాలుగు పడ్డాయి. లెక్కపెట్టుకో," అన్నారు సిద్ధాంతిగారు.

కామేశం గింజని గడిలో పెట్టాడు. ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మూడు దగ్గర ఆగిపోయాడు.

"మూడు," అన్నాడు యజ్ఞన్న. "నాలుగు."