అక్కలతో కలవని ప్రశ్న

ఒక ఊళ్ళో ధాన్యపు కొట్టు తలుపు పక్కన అద్దం పెట్టారు. అద్దం మొహం చూసి గుర్తుపడితే తలుపు తెరుచుకుంటుంది, గింజలు దొరుకుతాయి. గుర్తుపట్టకపోతే లేదు.

ఆ అద్దం జనానికి నచ్చిందో లేదో తేల్చమని రాజు ఒక పండితుణ్ణి అడిగాడు. పండితుడు నాలుగు ప్రశ్నల్ని పుట్టించాడు. నలుగురూ ఆడపిల్లలే. పెద్దది "అద్దం బాగుందా?" అని అడుగుతుంది. రెండోది "సులువుగా ఉందా?" అంటుంది. మూడోది "ఇలాంటివి ఇంకా కావాలా?" అంటుంది. జనం వినకుండానే తలూపుతున్నారేమో చూడ్డానికి నాలుగోదాన్ని మాత్రం తిరగేసి పుట్టించాడు. "అద్దం ఎప్పుడైనా మిమ్మల్ని వెనక్కి పంపిందా?" అన్నది దాని మాట.

నలుగురూ గడపగడపకీ వెళ్ళారు. రాజుగారు పంపిన పిల్లలొచ్చారని జనం మంచాలు వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. బాగుందా అంటే బాగుందన్నారు. సులువేనన్నారు. ఇంకా కావాలన్నారు. ఇంటికొచ్చిన మనిషి అంత ఆశగా అడుగుతుంటే బాగోలేదని ఎలా అంటారు?

చిన్నది నోరు తెరిచేసరికి మాత్రం మజ్జిగ చెంబులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవారు.

చివరి ఇంట్లో ఇసుక మోసే ఆవిడ చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"జ్వరమొచ్చి చిక్కిపోయానే తల్లీ. చిక్కానని అద్దం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేదని గింజలివ్వలేదు. గింజల్లేక ఇంకా చిక్కాను. ఇప్పుడది నన్నెట్లా గుర్తుపడుతుంది చెప్పు?"

"మరి మా అక్కలకి బాగుందని చెప్పారే?"

"అద్దం బాగానే ఉందిగా. నేను బాగాలేను."

పొయ్యి మీదున్న గంజిలో సగం చిన్నదానికే పోసింది.

జవాబులన్నీ ముందేసుకున్నాక పండితుడి మొహం వాడిపోయింది. "నువ్వు అక్కలతో కలవట్లేదమ్మా" అన్నాడు.

"విన్నదే చెప్పాను నాన్నా."

"అబద్ధమని నేనన్నానా? సభలో తెర వెనక పెద్దలు కూర్చుని మన జవాబుల్ని పరీక్షిస్తారు. ఒక్క పిల్ల మాట తేడాగా ఉంటే నలుగురినీ నమ్మరు. మా శాస్త్రంలో అంతే."

"మరి ఆవిడ ఆకలి?"

"దానికి వేరే పండితులున్నారు."

అతను చెడ్డవాడు కాడు. చిన్నదాన్ని ప్రశ్నల్లోంచి తీసేసే ముందు తల నిమిరాడు. తరవాత మిగిలిన ముగ్గురికీ జడలు వేసి సభకి తీసుకెళ్ళాడు. ముగ్గురూ ఒకే మాట మీద నిలబడ్డారు. తెర వెనక పెద్దలు మెచ్చుకున్నారు. ఊరూరా అద్దాలు పెట్టమని రాజు ఆజ్ఞ వేశాడు.

చిన్నదానికి పోవడానికి ఇల్లు లేదు. కొట్టు దగ్గరికెళ్ళి, ఊరి జనంతో పాటు వరసలో నిలబడింది.

ఇసుక మోసే ఆవిడ వంతు వచ్చింది. అద్దం ఆవిణ్ణి అటూ ఇటూ చూసి "తెలీదు" అంది. ఆవిడ ఖాళీ సంచి మడుచుకుంది.

చిన్నది వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. తనని ఏమడగడానికి పుట్టించారో అది వదిలేసి, వెనక్కి తిరిగి వరసని అడిగింది.

"ఈవిడ మీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? మా పక్కిల్లేగా."

"నా కాన్పుకి వేణ్ణీళ్ళు కాచింది ఈవిడే."

"నా ఇత్తడి బిందె తీసుకెళ్ళి తిరిగివ్వంది కూడా ఈవిడే" అంది వెనకనుంచి ఇంకొకావిడ. చాలామంది నవ్వారు. ఇసుక మోసే ఆవిడా నవ్వింది.

చిన్నది తలుపు దగ్గరున్న కావలివాడి వైపు తలెత్తి చూసింది. కొట్టు ముందు నిలబడినంతకాలం అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"మా వీధే" అన్నాడు. "కానీ తలుపు తీస్తే నన్ను తీసేస్తారే పిల్లా."

"నన్నూ తీసేశారు" అంది చిన్నది.

కావలివాడు దాన్ని ఎగాదిగా చూశాడు. తరవాత గడియ మీద చెయ్యేశాడు.

అద్దం నిండా మనుషులే ఉన్నారు. అది ఇంకా ఒక్క మొహం కోసమే వెతుకుతోంది.