ఎదురుగద్దె బయలమ్మ: కోట దిగి వచ్చిన కచేరీ

పచ్చబయలుకు వచ్చే భక్తులు మొదట గుడి ఎక్కడా అని వెతుక్కుంటారు. ఇక్కడ గోపురం లేదు, ప్రాకారం లేదు. మోకాలెత్తు గడ్డి నడుమ పసుపు పూసిన రాతి రూపంలో అమ్మవారు తూర్పు ముఖంగా కొలువై ఉన్నారు. ఆమెకు పదడుగుల దూరంలో, ముఖాముఖిగా, ఖాళీ రాతి గద్దె ఒకటి ఉంది. దేవతకు ఎదురుగా ఇంకొకరికి ఆసనమా అని కొత్తవారు నొచ్చుకోవడం కద్దు. నొచ్చుకోనక్కరలేదు. ఆ గద్దెను అమ్మవారే పట్టుబట్టి వేయించుకున్నారు. అందుకే ఆమెకు ఎదురుగద్దె బయలమ్మ అని పేరు.

పూర్వం ఇక్కడ ఊరేమీ లేదు. కనుచూపు మేర గడ్డి, మధ్యలో ఒక ఊట చెలమ, అంతే. ఆరు ఊళ్ల కురువల గొర్రెల మందలకు ఈ బయలే ఆధారం. అయితే ఇది నల్లరేగడి నేల. వానాకాలంలో ఈ బురదకు గిట్టలు మెత్తబడి గొర్రెలు కుంటుతాయి. అందుచేత శ్రావణంలో మందలు నల్లమల అంచుల్లోని మెరక నేలలకు తరలిపోయి, మార్గశిరంలో తిరిగి వచ్చేవి. ఆ నాలుగు నెలల్లో ఎదిగిన గడ్డే మిగిలిన ఎనిమిది నెలలకూ మేత.

ఈ బీళ్లన్నీ సంస్థానానివి. ఏ నేల ఎవరికివ్వాలో తేల్చే కచేరీ మాత్రం నాలుగు రోజుల నడక దూరాన, కొండమీది కోటలో ఉండేది. దాని అధికారి విఠలయ్య. మంచివాడే గాని కోట దిగి ఎరుగడు. గోడకు వేలాడే గుడ్డపటం చూసి భూములు పంచేవాడు. ఆ పటం గీసినవారు ఆశ్వయుజంలో బయలుకు వచ్చారు. నడుమెత్తు గడ్డి కనిపించింది, మనిషి కనిపించలేదు. జనం లేని భూమి అని రాసుకొని భోజనం వేళకు వెళ్లిపోయారు. అది నమ్మి విఠలయ్య, వచ్చే ఏరువాకకు బయలంతా దున్నుకోమని కోట దగ్గరి రైతులకు ఉత్తరువు ఇచ్చాడు.

ఆషాఢంలో ఈ కబురు తెలిసి నింగమ్మ అనే కురువ స్త్రీ కోటకు నడిచి వెళ్లింది. బయలు నాగలి కిందికి పోతే వేసవిలో ఆమె మందకు గడ్డీ లేదు, నీళ్లూ లేవు. ఆరు ఊళ్ల మందలదీ అదే గతి. మూడు రోజులు వాకిట కూర్చోబెట్టి, నాలుగో రోజు లోపలికి పంపారు. విఠలయ్య పటం చూపించి, ఇందులో మీరెవరూ లేరు కదా అన్నాడు. నింగమ్మ పటం వంక చాలాసేపు చూసింది.

"మేము లేని నెలలో వచ్చి రాసుకుంటే, మేము లేనట్టే ఉంటాది సామీ" అంది. "ఉన్నప్పుడు వచ్చి సూడు."

విఠలయ్య ఆమెను వాకిట ఉండమన్నాడు. భోజనం చేసి కునుకు తీశాడు. దేవతలు తెల్లవారుజామున కలలోకి వస్తారని పెద్దలు చెబుతారు. బయలమ్మ అంతవరకు ఆగలేదు. పట్టపగలే, పసుపు ముఖంతో, ఆ కునుకులోకి వచ్చి నిలిచింది. "నా ఒడి పంచేవాడివి, ఒక్కనాడైనా నా ముందు కూర్చున్నావా? కచేరీ తెచ్చి నా ఎదుట పెట్టు. ఏడాది కూర్చో. తర్వాత నీ ఇష్టం" అని ఆనతిచ్చింది.

విఠలయ్య లేచి రాజుగారి అనుమతి పొందాడు. కచేరీ తరలుతుందని తెలియగానే గుమాస్తాల్లో ఒకరికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, ఒకరికి అత్తగారి జబ్బు గుర్తొచ్చింది, ఇంకొకరికి గ్రహాలు అడ్డం వచ్చాయి. ఇరవై మందిలో పద్నాలుగు మంది మానుకున్నారు. వారిని ఆడిపోసుకోవడం నాకు ఇష్టం లేదు, ఆ రోజుల్లో ఈ ఎండకు ఎవరు వస్తారు? మిగిలిన ఆరుగురితో విఠలయ్య ఎడ్లబండ్ల మీద కాగితాల కట్టలతో దిగాడు. గడ్డిలో కురువలు పసుపు పూసి కొలిచే రాయిని నింగమ్మ చూపించింది. కలలో కనిపించిన ముఖం అదే. దానికి ఎదురుగా గద్దె వేయించి, పైన పందిరి కట్టించాడు.

మరునాడే శ్రావణం వచ్చింది. నింగమ్మ మందతో వెళ్లిపోయింది. భాద్రపదం గడిచింది, ఆశ్వయుజం గడిచింది, ఒక్క మనిషి రాలేదు. పటం నిజమే చెప్పిందని గుమాస్తాలు గొణిగారు. విఠలయ్యకూ అనుమానం పట్టుకుంది. కార్తీకం చివర ఉత్తరువును ఖాయం చేయడానికి కలం కూడా పట్టుకున్నాడు. అమ్మవారి ముఖం చూసి మళ్లీ కింద పెట్టాడు.

మార్గశిరం మూడో రోజు ఉదయం గంటల మోత వినిపించింది. ఆరు ఊళ్ల మందలు బయలు నిండా దిగాయి. అప్పటి నుంచి విఠలయ్య కళ్లారా చూశాడు. ఇక్కడే ఈనిన గొర్రెలను, ఇక్కడే లేచి నిలబడ్డ గొర్రెపిల్లలను చూశాడు. వైశాఖంలో చుట్టుపక్కల బావులన్నీ ఎండితే, గడ్డి వేళ్లు కాపాడిన ఈ చెలమ ఒక్కటే ఊరింది. ఏరువాకకు ముందే నేల చూసుకుందామని వచ్చిన కోట రైతులు తమ ఎడ్లను ఆ నీటికే తోలుకొచ్చారు. దున్నితే ఈ చెలమ ఉంటుందా అని విఠలయ్య అడిగితే, వారిలో పెద్దవాడు తల అడ్డంగా ఊపాడు.

ఉత్తరువు రద్దయింది. రైతులకు ఉత్తరాన రాళ్లు తక్కువ ఉన్న మెరక నేల ఇచ్చారు, వారూ సంతోషించారు. కబురు విని నింగమ్మ చెలమ గట్టున చతికిలబడి ఏడ్చింది. ఏడాదిగా గుండెల మీద మోసిన బరువు దిగినందుకు వచ్చిన ఏడుపు అది. విఠలయ్య దగ్గరకు వెళ్లి, ఈ బయలులో మేపేవారి పేర్లు ఒక్కటీ వదలకుండా చెప్పమన్నాడు. ఆమె చెబుతూ ఉంటే తానే రాసుకున్నాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టు నూటపదకొండు పేర్లు చెప్పి, తన పేరు మరిచిపోయింది. దాన్ని ఆయనే అడగకుండా పైన రాశాడట.

సంస్థానం పోయింది, కచేరీ పోయింది. బయలు మాత్రం నేటికీ నాగలి ఎరుగదు. ఏటా మార్గశిరంలో మందలు తిరిగి వచ్చిన రోజున, నీళ్లు ముట్టకముందే ప్రతి కాపరీ అమ్మవారి ముందు నిలబడి తన పేరు గట్టిగా చెబుతాడు. రాలేకపోయిన ముసలివారి పేరు, మంచాన పడ్డవారి పేరు పక్కవారు చెబుతారు. భక్తులు కూడా అలాగే చెప్పవచ్చు. తమ నేల తమది కాదనిపించుకున్నవారు, ఎక్కడా తమ పేరు లేదని బాధపడేవారు ఇక్కడ పేరు చెప్పుకొని తేలికైన మనసుతో వెళ్లడం అర్చకురాలిగా నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. నా పేరు కురువ ఈరమ్మ. మా అమ్మ ఈ ఏడు నడిచి రాలేకపోయింది, ఆమె పేరు నేను చెప్పాను.