బోర్లించిన పళ్ళెం

తెల్లవారింది. సన్నగా తుంపర పడుతోంది.

కనకాద్రి అనే రాజ్యంలో, తూర్పు వాకిలి దగ్గర, కూలీల అడ్డా ఒకటి ఉండేది. తాపీవాళ్ళూ మట్టి మోసేవాళ్ళూ ఎవరి తట్ట వాళ్ళ ముందు పెట్టుకుని కూర్చునేవారు. తట్ట వెల్లకిలా ఉంటే పని కావాలని. బోర్లిస్తే పని కుదిరిందని. ఆ వేళ అన్నీ వెల్లకిలానే ఉన్నాయి. వాటిలో వాన నీళ్ళు చేరుతున్నాయి.

పేరమ్మ రాజుగారి వంటశాలలో వంటపెద్ద. ఆమె పప్పు కలియబెడుతుండగా నీళ్ళు మోసే మంగ పరుగున వచ్చింది.

"వదినా, భటులు అడ్డా మీద పడ్డారు. అన్ననీ, మీ కొడుకులిద్దర్నీ పట్టుకుపోయారు."

"ఏం చేశారని?"

"ఊరికే కూర్చున్నారట."

పేరమ్మ చేతిలో గరిటె జారింది. వంగి తీసుకుంది.

సంగతేమిటంటే, ఆ మధ్యాహ్నం పొరుగు రాజుగారి దూత విందుకి వస్తున్నాడు. మా రాజ్యంలో పని లేని మనిషే లేడని ఆయన ముందు చెప్పుకోవాలని మహీధర మహారాజు ముచ్చట. మంత్రి దండపాణి లెక్క తీయించాడు. యజమానులను మాత్రమే అడిగాడు, ఈ వారం నీ దగ్గర ఎందరు పని చేశారని. ఒక్క పూట చేసినా పనివాడే. ఇక నిరుద్యోగి అంటే, ఆ వారంలో దివాణం గుమ్మం ముందుకొచ్చి పని లేదని మొరపెట్టుకున్నవాడు. మొరపెట్టుకోనివాడు ఏ లెక్కలోకీ రాడు. గుమ్మం దగ్గర ఈటెల వాళ్ళు నిలబడి ఉంటారు కాబట్టి మొరపెట్టుకున్నవాడు ఒక్కడూ లేకపోయాడు.

లెక్క తేలింది. రాజ్యంలో ఉన్న మనుషులకంటే పనివాళ్ళే ఎక్కువ. అదెలాగని రాజు అడగలేదు. మీసం దువ్వుకున్నాడు.

"మనవాళ్ళంతా పనిలో ఉన్నారు గనక, అడ్డాలో కూర్చున్నవాళ్ళు మనవాళ్ళు కారు. పొద్దుగూకేలోగా ఏరు దాటించండి" అన్నాడు.

వానాకాలపు ఏరు, పొంగి పారుతోంది. దాటించడమంటే ఏమిటో పేరమ్మకి తెలుసు. పప్పు తాలింపు పెట్టింది.

విందు వేళయింది. దూత పళ్ళెంలో పులిహోర, గుత్తివంకాయ, గారెలు, పూర్ణాలు నిండుగా ఉన్నాయి. రాజుగారి ముందు బంగారు పళ్ళెం ఉంది. బోర్లించి ఉంది.

"ఇదేమిటి పేరమ్మా?"

"అడ్డా పద్ధతి ప్రభూ. పని కుదిరినవాడు తట్ట బోర్లిస్తాడు. ఏలినవారి భోజనం అయిపోయింది గనక పళ్ళెం బోర్లించాం."

"నేనెప్పుడు తిన్నాను?"

"మొన్న తాండ్ర ముక్క నోట్లో వేసుకున్నారు. వారంలో ఒక్క ముద్ద తిన్నా తిన్నవారి కిందే లెక్క. మంత్రిగారి పద్ధతి బాగుందని వంటింట్లో కూడా పెట్టుకున్నాం."

పక్క పళ్ళెంలోంచి నేతి వాసన కొడుతోంది. రాజుగారి కడుపు అందరికీ వినిపించేలా మూలిగింది.

"నాకు ఆకలిగా ఉంది."

"ఆకలైనవారు ఈ వారంలో వంటింటి గుమ్మం ముందుకొచ్చి అడిగి ఉండాలి. ఏలినవారు రాలేదు. అడగనివారికి ఆకలి లేనట్టే."

మంత్రి దండపాణి లేచాడు. "ఏమమ్మా, వేళాకోళంగా ఉందా? మహారాజు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి అన్నం అడుగుతారా?"

"మావాళ్ళకి దివాణం గుమ్మం అంటే భయం బాబూ. ఏలినవారికి వంటింటి గుమ్మం అంటే నామోషీ. ఎలాగైతేనేం, ఎవరూ అడగలేదు."

రాజు గొంతు తగ్గింది. "మీవాళ్ళెవరు?"

"మా ఆయన గవరయ్య, తాపీపని. ఈ వారం ఒక పూట ధాన్యపు కొట్టు గోడ కట్టాడు. ఒక పూట ఏనుగులశాల అరుగు. ఒక పూట మంత్రిగారి స్నానాల గది. మూడు చోట్లా ఒక పనివాడని రాయించారు. అలా మంత్రిగారి లెక్కలో నా మొగుడు ముగ్గురయ్యాడు. పొద్దున ముగ్గుర్నీ కలిపి పట్టుకుపోయారు. నాకు ముగ్గురు వద్దు ప్రభూ. ఒక్కణ్ణి ఇంటికి పంపించండి. నా పిల్లలిద్దరూ ఇద్దరిలాగే రావాలి."

దూతకి పొలమారింది. మంచినీళ్ళు తాగి, "మహారాజా, మా దేశంలో పని లేనివాళ్ళున్నారు గానీ, ఒక్కో ఇల్లాలికి ఒక్కడే మొగుడు" అన్నాడు.

రాజు మంత్రి వైపు తిరిగాడు. "దండపాణీ, మీ స్నానాల గది పూర్తయిందా?"

"లేదు ప్రభూ. వాన..."

"మరి వాన తగ్గేదాకా తాపీవాడు ఎక్కడ కూర్చోవాలి?"

మంత్రి తన పళ్ళెం వైపు చూసుకున్నాడు. అదీ బోర్లించే ఉంది. రాజుకి నవ్వు ముందు మీసాల్లో మొదలై, తర్వాత భుజాలదాకా పాకింది. తన పళ్ళెం తానే తిప్పి, రెండు చేతులతో చాచాడు.

"గుమ్మం దాకా వచ్చాననుకో పేరమ్మా. అడుగుతున్నాను. ఆకలి."

"చిత్తం ప్రభూ. వాళ్ళింకా ఏటి దారిలోనే ఉన్నారు."

వాళ్ళందర్నీ వెనక్కి తెమ్మని రాజు రౌతుని పంపాడు. గుర్రపు డెక్కల చప్పుడు కోట దాటింది. అప్పుడు గానీ గరిటె కదల్లేదు.

కడుపు నిండాక రాజు అన్నాడు, "ఏం కావాలో కోరుకో."

"అడ్డా మీద పందిరి వేయించండి. లెక్క తీసేటప్పుడు యజమాని ఇంట్లో ఒకసారి, పనివాడి గడప దగ్గర ఒకసారి అడిగించండి."

"గడప గడపకీ ఎవరు తిరుగుతారు?"

"మంత్రిగారే. నడిచి."

రాజు మళ్ళీ నవ్వి, భుజం మీది శాలువా తీసి ఆమెకి కప్పించాడు.

సాయంత్రానికి వాన వెలిసింది. పేరమ్మ తన ఇంటి గుమ్మంలో నిలబడింది. మోకాళ్ళదాకా బురదతో గవరయ్య వచ్చాడు. వెనక పెద్దవాడు సింహాద్రి. ఆ వెనక చిన్నవాడు ముత్యాలు, తట్ట నెత్తిన బోర్లించుకుని. ఒక్కొక్కరి తలా తడిమి చూసింది.

"ఒకటి. రెండు. మూడు."

"ఏమిటే ఆ లెక్క?" అన్నాడు గవరయ్య.

పేరమ్మ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.