బోణీ బేరం

పూర్వం కుంకుమగిరి రాజ్యంలో వర్తకవిద్య నేర్పే పాఠశాల ఒకటుండేది. అక్కడ పట్టా పుచ్చుకున్నవాళ్లకి రాజుగారి కొలువులో పెద్ద ఉద్యోగం ఖాయం. కొత్తవాళ్లని చేర్చుకునేది మాత్రం విజయదశమి ఒక్కరోజే.

ఆ ఏడు అందరికంటే ముందొచ్చి నిలబడింది చింతపండు అమ్ముకునే నూకాలు. బుట్టెడు చింతపండు గురుదక్షిణగా తెచ్చింది. అది ఒక్కరి చదువుకే సరిపోతుందని, తోడుగా వచ్చిన తోడికోడలు అప్పలమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నూకాలు వెనక పట్టుబట్టల్లో షావుకార్లు, వాళ్ల కొడుకులు బారులు తీరారు.

గురువు లోకనాథాచార్యులు బుట్ట చూసి ముక్కు చిట్లించాడు. "వీధివీధీ తిరిగేదానికి పట్టా ఎందుకే? పో, పో!"

నూకాలు తొణకలేదు. బుట్ట నెత్తికెత్తుకుని షావుకార్ల వైపు తిరిగింది. "పొద్దున్నే బోణీ బేరం తిప్పి పంపేశారు పంతులుగారు. ఇక మీరు కానివ్వండి బాబూ!"

షావుకార్లు ఉలిక్కిపడ్డారు. బోణీ చెడిన కొట్లో వాళ్లు చిటికెడు ఉప్పు కూడా కొనరు. అలాంటిది కొడుకుల చదువు మొదలుపెడతారా? దక్షిణ పళ్లేలతో సహా ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

ఆచార్యులవారికి చెమటలు పట్టాయి. పరుగున వచ్చి బుట్ట తానే దించుకున్నాడు. "బోణీ అయింది, అయింది! రా తల్లీ, ముందు వరసలో నీకు చాప వేయిస్తాను."

షావుకార్లు ఆగారు. నూకాలు మాత్రం కదల్లేదు.

"బేరం కుదిరింది సరేనండీ," అంది గుమ్మం వైపు చూస్తూ. "మరి కొసరు? మా తోడికోడలికీ ఓ చాప వేయించండి."