థార్న్‌బీ దొరసాని రెండో పెట్టె

1978లో ఊటగుంపు కోయవాళ్లకి అన్యాయం జరిగింది; చేసినవాడు పోలిపేట రికార్డు గదిలో ఇరవై ఆరేళ్లుగా కూర్చున్న ఉమాపతిరావు, దొర రాస్తే చరిత్ర, దొరసాని రాస్తే ఇంటి సోది అనుకునేవాడు.

ఉమాపతిరావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. లంచం ముట్టేవాడు కాదు, పనివేళకి ఆలస్యంగా వచ్చేవాడు కాదు, ఇంగ్లీషులో దిట్ట. అతని జబ్బల్లా ఒక్కటే. ఏ కాగితం గొప్పదో, ఏది చెత్తో కాగితం చదవకముందే అతనికి తెలిసిపోయేది. చదివినవాళ్లలో ఈ జబ్బు చాలామందికి ఉంటుంది. చదవనివాళ్లకి అంత తీరిక ఉండదు.

ఆ గదిలో హెన్రీ థార్న్‌బీ దొర కాగితాలు ఉండేవి. ఈ దొర అప్పటికి నూటపదేళ్ల కిందట భార్యతో కలిసి గోదావరి ఎగువ కొండల్లోకి పోయాడు. అక్కడ ఒక దారి కనిపెట్టానని పుస్తకం అచ్చేసుకున్నాడు. ఆ దారిన కోయవాళ్లు తాతల నాటి నుంచి ఉప్పు బుట్టలు మోసుకుని నడుస్తూనే ఉన్నారు. అయినా కనిపెట్టింది దొరే. ఆ కాలం అలా ఉండేది. ఈ కాలం అంతకంటే బాగుందని నా చేత చెప్పించకండి.

దొరా దొరసానీ పోయిన చాలా ఏళ్లకి వాళ్ల మనవరాలు ఇంట్లో మిగిలిన కాగితాలన్నీ రెండు రేకు పెట్టెల్లో సర్ది, ఓడ మీద పోలిపేటకి పంపించింది. మొదటి పెట్టెలో దొర దినచర్య, పటాలు. రెండో పెట్టెలో ఆయన భార్య హనోరా తన అక్కకి రాసిన ఉత్తరాలు. ఉమాపతిరావు మొదటి పెట్టెలో ప్రతి కాగితానికీ నంబరు వేశాడు, గుడ్డలో చుట్టాడు, చెదలు పట్టకుండా వేపాకు పెట్టాడు. రెండో పెట్టె ఒక్కసారి తెరిచాడు. పైనున్న ఉత్తరం నిండా అడ్డంగా, నిలువుగా, ఒకదాని మీద ఒకటి సిరా గీతలు కనిపించాయి. మూత వేసేశాడు. జాబితాలో "దొరసాని గీతలు, చదవ వీలుకాదు" అని రాసుకుని టీ తాగడానికి వెళ్లాడు.

ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఎవరొస్తారు?

వచ్చింది. 1978 సెప్టెంబరులో, వాన ముసురులో, లాంచీ దిగి ఒక ముసలామె తడిసిన చీర కొంగు పిండుకుంటూ గుమ్మంలో నిలబడింది. పేరు సున్నం ముత్తక్క. అరవై అయిదేళ్లు ఉంటాయి.

"మాది ఊటగుంపు బాబూ. కొండల్లో, నది మలుపు మీద," అంది. "మమ్మల్ని లేచిపొమ్మంటున్నారు."

"ఎవరు?"

"అడవి హద్దులు తేల్చే ఆఫీసరు. మీరు నిన్న మొన్న వచ్చి అడవి నరికారు అంటున్నాడు. కాదు బాబూ, తాతల నాటి నుంచి ఉన్నాం అన్నాను. కాగితం చూపించమన్నాడు."

"మరి చూపించు."

"మాకు కాగితం ఎక్కడిది? వాళ్ల దగ్గర మాత్రం ఉంది. దొర పుస్తకం. ఆ మలుపు దగ్గర మనిషి జాడ లేదని దొర రాశాడంట. నెల రోజుల్లో విచారణ. ఈలోగా పాత రాత ఏదన్నా తెస్తే ఊరు నిలుస్తది, లేకపోతే లేదు అన్నాడు."

ఉమాపతిరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. దొర దినచర్య అతనికి కంఠోపాఠం. "నిజమేనమ్మా. 1868 మార్చి. మనిషి జాడ లేని చోటు అనే రాశాడు. అంతటివాడు అబద్ధం రాస్తాడా?"

"ఆయన సంగతి నాకు తెలవదు. ఆయన పెళ్లాం మా ఇంట్లో పడుకుంది."

"ఏమిటీ?"

"మా అవ్వ చెప్పేది. అవ్వ అప్పటికి చిన్నపిల్ల. దొరసానికి జొరమొస్తే మా ఇంట్లోనే పడేశారంట. అవ్వే జావ పోసేది. జొరం తగ్గినాక ఆ దొరసాని పొద్దస్తమానం రాసేదంట. మా ఊళ్లో కూచుని మా ఊరు గురించి కాకపోతే ఇంకేం రాస్తది బాబూ? ఆ రాత మీ దగ్గరుందని లాంచీలో ఎవరో మేష్టారు చెప్పాడు."

ఉమాపతిరావుకి నవ్వొచ్చింది. "మొగుడికి కనపడని ఊరు పెళ్లానికి కనపడిందా?"

"జొరమొచ్చి పడున్న మనిషికి చుట్టుపక్కల అన్నీ కనపడతాయి బాబూ. లేచి తిరిగేవాడికే ఏదీ కనపడదు."

జవాబు లేనప్పుడు చదువుకున్నవాడు చేసే పనే చేశాడు, విసుక్కున్నాడు. గబగబా రెండో పెట్టె తెరిచి, పైనున్న ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగో మీ దొరసాని రాత. చూడు. ఇది రాతా? కోడి కెలికినట్టుంది. నేనే చదవలేను."

ముత్తక్కకి అక్షరం ముక్క రాదు. ఆమె బతుకంతా వెదురుతో తడికలు అల్లింది. కాగితాన్ని ముట్టుకోలేదు. తల ఒక పక్కకి వంచి చూసింది, తర్వాత ఇంకో పక్కకి వంచి చూసింది.

"కెలికింది కాదు బాబూ, అల్లింది. అడ్డం ఒక వరస పోయింది. తర్వాత కాగితం తిప్పి నిలువు ఒక వరస పోయింది. తడిక అల్లినట్టు. రెండూ ఒకేసారి చూస్తే ఏం తెలుస్తది? నిలువు మరిచిపోయి అడ్డం ఒక్కటీ పట్టుకుని పోండి."

పిల్లలూ, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజుల్లో ఉత్తరం బరువును బట్టి తపాలా ఖర్చు. అందుకని దొరసానులు పేజీ నిండాక ఇంకో కాగితం తీసేవాళ్లు కాదు. అదే కాగితాన్ని పక్కకి తిప్పి, రాసినదాని మీదే మళ్లీ రాసేవాళ్లు. కళ్లు అలవాటు పడితే ఎవరైనా చదవచ్చు. పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. కాస్త ఓపిక కావాలి.

ఉమాపతిరావు ముఖం ఎర్రబడింది. "నాకు చదవడం నేర్పుతున్నావా?"

"నేర్పేదాన్నైతే నేనే చదువుకుందును గదా? మీరు చదువుతారనే ఇంత దూరం వచ్చాను."

"నాకు బోలెడు పనులున్నాయి. తీరిక దొరికినప్పుడు చూస్తాను. వెళ్లు."

"ఎప్పుడు దొరుకుద్ది బాబూ? నెల రోజులే ఉంది."

"చూస్తానన్నాను కదా!"

ఆమె వెళ్లింది. అతను చూడలేదు. పక్షం తర్వాత మళ్లీ వచ్చింది. "ఇంకా చూడలేదమ్మా," అన్నాడు. ఆ రోజు కూడా వాన పడుతూనే ఉంది. లాంచీ దొరకక ఆమె రేవు మెట్ల మీదే తెల్లవార్లూ కూర్చుందని తర్వాత ఎవరో చెబితే, "అయ్యో, చెబితే వరండాలో పడుకోమనేవాణ్ణి కదా," అన్నాడు. చెడ్డవాడు కాదన్నానుగా.

అక్టోబరు మధ్యలో విచారణాధికారి దగ్గర నుంచి అతనికి ఒక కాగితం వచ్చింది. థార్న్‌బీ పెట్టెలు రెండూ పరిశీలించి, ఊటగుంపు అనే ఊరి గురించి ఏదైనా దాఖలా ఉన్నదీ లేనిదీ రాసి పంపమని అడిగారు. ఉమాపతిరావుకి పరీక్ష ఇదే. రెండో పెట్టె అతని కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో ఉంది. లేచి తీయాలి. తీసి చదవాలి. చదివి, ఆ ముసలామె చెప్పిందే నిజమని ఒప్పుకోవాల్సి వస్తే ఒప్పుకోవాలి. మొదటి రెండూ అతను చెయ్యగలడు. మూడోదే అతనికి మింగుడుపడలేదు.

"రెండు పెట్టెలూ పరిశీలించడమైనది. దాఖలా ఏదీ లేదు," అని రాసి సంతకం పెట్టాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంది.

అక్టోబరు 30న తీర్పు వచ్చింది. ఊటగుంపు ఊరు కాదు, ఆక్రమణ అన్నారు. ఆ తీర్పు నకలు ఆఫీసులన్నీ తిరిగి తిరిగి, రికార్డుల్లో దాచడానికి ఉమాపతిరావు బల్ల మీదికి చేరేసరికి జనవరి వచ్చింది.

తన పేరు టైపు కొట్టి ఉంటే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. మూడో పేజీలో ఉంది అతని పేరు. "రికార్డు గది అధికారి శ్రీ ఉమాపతిరావు రెండు పెట్టెలను క్షుణ్ణంగా పరిశీలించి దాఖలా లేదని ధ్రువీకరించినందున" అని ఉంది. అతను రెండుసార్లు చదువుకున్నాడు. మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి "క్షుణ్ణంగా" దగ్గర ఆగాడు. అతను పరిశీలించడమైనది అనే రాశాడు, క్షుణ్ణంగా అని వాళ్లే కలిపారు. నిజానికి అతను రాసింది కూడా జరగలేదు.

లేచి పెట్టె తెరిచాడు. ఉత్తరాలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. 1868 మార్చి అని ఉన్నదాన్ని బల్ల మీద పెట్టి, ఒక అడ్డ వరస కింద అట్టముక్క ఆనించాడు. నిలువు గీతల్ని మరిచిపోవడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత అక్షరాలు వాటంతట అవే పైకి తేలాయి.

"అక్కా, జ్వరం తగ్గింది. పదకొండు రోజులుగా వీళ్ల ఇంట్లోనే పడి ఉన్నాను. కూర్చునే ఓపిక వచ్చాక పనేమీ తోచక ఇళ్లు లెక్కపెట్టాను. పంతొమ్మిది ఉన్నాయి. నాకు జావ పట్టే పిల్లకి పదమూడేళ్లుంటాయేమో, నేను రాస్తుంటే రెప్ప వేయకుండా చూస్తుంది. హెన్రీకి ఇళ్లు చూపిస్తే కోపం వచ్చింది. తాను మొదట అడుగు పెట్టిన చోట పంతొమ్మిది ఇళ్లుంటే ఎవరు నమ్ముతారు అన్నాడు. అతని పుస్తకంలో ఈ ఊరు ఉండదు. నువ్వైనా దాచి ఉంచు."

అక్క దాచింది. ఆమె పోయాక అవి దొరసాని ఇంటికే తిరిగొస్తే ఇంటివాళ్లు దాచారు. మనవరాలు దాచింది, సముద్రం దాటించింది. చెదలు కూడా వదిలేశాయి. నూటపదేళ్లు ఇంతమంది చేతుల్లో భద్రంగా ఉన్న కాగితం, దాన్ని దాచడానికే జీతం తీసుకునే మనిషి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఉమాపతిరావు ఆ ఉత్తరం పట్టుకుని ఆ మర్నాడే విచారణాఫీసుకి పరుగెత్తాడు. అక్కడి గుమస్తా తేదీలు చూశాడు.

"అప్పీలుకి అరవై రోజులండీ. ఇవాళ్టికి డెబ్బై నాలుగు."

"కానీ ఇదిగో, కాగితం ఉంది!"

"మీరే కదండీ లేదన్నారు?"

"పొరపాటైంది."

"ఏమని రాసుకోమంటారు? పరిశీలించలేదనా? అలా రాస్తే మీ ఉద్యోగం పోతుంది, ఊరు మాత్రం తిరిగిరాదు. ఇంటికెళ్లండి పంతులుగారూ."

"రాసుకో," అన్నాడు ఉమాపతిరావు. జీవితంలో అతను ఆడిన మంచి మాట అదొక్కటే. ఆలస్యమైంది కానీ ఆడాడు. గుమస్తా రాసుకున్నాడు. ఆ రాత పై ఆఫీసుకి వెళ్లింది, అక్కడి నుంచి గడువు దాటిందన్న ముద్రతో వెనక్కి వచ్చింది. ఉద్యోగం పోలేదు. అతని మీద కోప్పడడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

ఫిబ్రవరిలో అతను లాంచీ ఎక్కి ఊటగుంపు వెళ్లాడు. అప్పటికే సగం ఇళ్లు విప్పేశారు. ముత్తక్క ఒక తడికని చుట్ట చుడుతోంది. అతన్ని చూసి చెయ్యి ఆపలేదు.

"చదివారా బాబూ?"

"చదివానమ్మా."

"ఎట్టా చదివారు?"

"నువ్వు చెప్పినట్టే. అడ్డం ఒక్కటీ పట్టుకుని."

"ఊఁ. మా అవ్వ ఉందా అందులో?"

"ఉంది. పేరు లేదు. జావ పట్టే పిల్ల అని రాసింది."

ముత్తక్క తడికకి తాడు బిగించింది. "ఇళ్లెన్ని అని రాసింది?"

"పంతొమ్మిది."

"ఇరవై," అంది ఆమె. "అవ్వ ఇరవై అనేది. తను పడుకున్న ఇంటిని లెక్కేసుకోలేదేమో. జొరంతో ఉన్న మనిషి గదా, పోనీలే. మొగుడు సున్నా అన్నాడు, ఆమె ఒకటే తప్పింది."

ఉమాపతిరావు క్షమించమని అడగబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అదెందుకు బాబూ నాకు? అటుపక్క కొస పట్టండి. చుట్ట బరువుగా ఉంది."

అతను పట్టాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా తడికలు, వాసాలు, కుండలు రేవుకి మోశాడు. ఒక ఊరిని లేపడంలో అతను మొదటిసారి సంతకంతో చెయ్యి వేశాడు, రెండోసారి భుజంతో. ఎవరూ అతనితో మాట్లాడలేదు, ఎవరూ పొమ్మనలేదు. మధ్యాహ్నం ఎవరో జావ పోశారు. తాగాడు.

చూడకుండా "లేదు" అన్నవాడు చూసి అబద్ధమాడినవాడి కంటే మంచివాడేమీ కాదు, ఆ ఒక్క మాట కింద ఎవరి ఇళ్లు ఉన్నాయో అతను చూడనైనా లేదు గనక. ఊటగుంపులో దొరసాని లెక్కేసుకోని ఆ ఇరవయ్యో ఇల్లు కూడా విప్పి ఊరు ఖాళీ అయినట్టు అడవి రిజిస్టరులో ఎక్కిన తేదీ 1979 ఫిబ్రవరి 19.