పొలానికి ముగ్గు పెట్టిన పంది

అనగనగా ఒక అడవిలో పందులన్నీ హాయిగా బురదలో దొర్లుతుంటే, వరాలమ్మ అనే పంది మాత్రం పూటకోసారి స్నానం చేసేది. చోద్యం కాకపోతే, పందికి అంత శుభ్రమేమిటర్రా! దానికో జొన్న చేను ఉండేది. దాని చిన్నపిల్లలు ఏడాదంతా ఆ చేని మీదే బతకాలి.

విత్తే వేళకు కబురొచ్చింది. పెద్దకూతురి అత్తగారు, కొండ అవతలి వియ్యపురాలు గంగులమ్మ చూడ్డానికి వస్తోందట.

"చేనంతా చెత్తే. ఆవిడ చూస్తే నా పరువేం కాను?" అని వరాలమ్మ చీపురు పట్టింది.

మొదట ఎండుటాకులు, పేడ, జొన్న మోళ్ళు అన్నీ ఊడ్చి తగలబెట్టింది.

తర్వాత వానపాములను నిలదీసింది. "లోపలికొచ్చే ముందు కాళ్ళు కడుక్కోవాలని తెలీదూ?"

"మాకు కాళ్ళెక్కడివి అక్కా?" అన్నాయి అవి.

"సాకులు చెప్పకండి. బయటికి నడవండి."

"మేం నేలను గుల్ల చేయకపోతే వాననీళ్ళు ఎలా ఇంకుతాయి?" అంది ఓ ముసలి వానపాము.

"నా చేనికి చిల్లులు పెట్టి, పైగా గొప్పలా?" అని వరాలమ్మ వాటన్నిటినీ గట్టు దాటించింది.

చివరికి బంకమట్టితో చేనంతా అలికి, నున్నగా తొక్కి, ముగ్గు పెట్టింది. ముగ్గు చెరగకుండా ఒక్కో చుక్క మీద విత్తడానికి దాచిన జొన్నగింజ ఒక్కోటి పెట్టి మురిసిపోయింది.

ఆ సాయంత్రమే కుండపోత వాన. బొట్టు నీరు ఇంకలేదు. ముగ్గు, గింజలు, అలికిన మట్టి, దాని కింది మన్నూ అన్నీ వాగులో కలిశాయి. రాతినేల మిగిలింది.

వాగు పొంగి గంగులమ్మ రాలేకపోయింది. కోతలప్పుడు వచ్చింది, చెవులదాకా బురదతో. "ఎంత శుభ్రం వదినా, చీమ కూడా లేదు," అని మెచ్చుకుంది. అంతలో బక్కచిక్కిన పిల్లలు కనబడ్డాయి. ఇంకేం అడగకుండా అందరినీ తనింటికి తీసుకుపోయింది.

గంగులమ్మ చేను నిండా కుళ్ళిన ఆకులు, పేడ, వానపాములు. వాటి మధ్య జొన్నకంకులు బరువుకు వంగిపోయి ఉన్నాయి. పిల్లలు ఆవురావురుమని తిన్నాయి.

చిన్నది నోటినిండా గింజలతో తలెత్తి అడిగింది. "అమ్మా, మన చేను కూడా ఇంత మురికిగా ఎప్పుడవుతుంది?"

వరాలమ్మకు దుఃఖం ఆగలేదు. "మీ తిండిని నా చేతులారా ఊడ్చి పారేశాను తల్లీ," అని ఏడ్చింది. ఆ రోజే ఎండుటాకులు మోపు కట్టి వీపున వేసుకుని తన చేనికి నడిచింది.

నీతి: నేలకు ప్రాణం పోసేవాటిని చెత్త అని ఊడ్చేస్తే, మన కంచంలో కూడునే ఊడ్చేసినట్టు.